జంటల లెక్క

రక్తపరీక్షల గది,
ఫిబ్రవరి రెండో వారం

అక్కా,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చేస్తే నువ్వు "ఊ" అనడం తప్ప ఇంకో మాట మాట్లాడవు. నేను వాగి వాగి, అడగాల్సింది అడక్కుండానే పెట్టేస్తాను. అందుకే కాగితం పట్టుకున్నాను. కాగితమైతే "ఊ" అనదు.

ఈ ఏడాది బదిలీల్లో భార్యాభర్తలు ఉద్యోగులైతే ఇద్దర్నీ ఒకేచోట వేసే సంగతి చూస్తారట. అదంతా కంప్యూటరే తేలుస్తుందని మా నోటీసు బోర్డు మీద అంటించారు. ఆ కంప్యూటరు ఎవరి చేతిలో ఉందో నాకు తెలుసు కదా, బోర్డు ముందు నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. పక్కనున్న కాంపౌండరు "ఏంటి, లాటరీ తగిలిందా?" అన్నాడు. తగిలినట్టే అన్నాను.

పెళ్ళయి ఎనిమిదేళ్ళు. నీ మరదలు అక్కడ నెలలు నిండని పిల్లల వార్డులో నర్సు, నేనిక్కడ జనం రక్తం పీల్చే ల్యాబు మనిషిని. సెలవు దొరికి ఒకరి దగ్గరికొకరం వెళ్తే మొదటి రోజు బట్టలుతుక్కోవడం, రెండో రోజు బస్టాండు. కొత్తలో బస్సు కదులుతుంటే చెయ్యి ఊపుకునేవాళ్ళం. ఇప్పుడు "చిల్లర ఉందా?" అని అడుగుతాం.

జంటగా అర్జీ పెట్టాం. తనకొకటి, నాకొకటి చొప్పున ఆరు జతల చోట్లు రాశాను, అన్నీ పెద్ద ల్యాబులున్న ఊళ్ళే. నీకు సిఫార్సు కోసం రాయడం లేదు. నువ్వు చెయ్యవని తెలుసు. చిన్నప్పుడు క్యారమ్స్‌లో నా జట్టులో ఉండి కూడా నా ఫౌళ్ళు నువ్వే పట్టించేదానివి. లెక్క సరిగ్గా చెయ్యి, చాలు.

నీ తమ్ముడు,
పిచ్చుక

*

కంప్యూటరు గది, మూడో అంతస్తు,
ఫిబ్రవరి చివర

పిచ్చుకా,

ఇక్కడ లిఫ్టు పాడై నెల దాటింది. మెట్లెక్కి వచ్చి, ఊపిరి కుదుటపడేదాకా కుర్చీలో కూర్చుని నీ ఉత్తరం చదివాను. "ఊ" అనేది విసుగుతో కాదురా. పొద్దస్తమానం ఈ గదిలో ఒక్కదాన్నే ఉండి, సాయంత్రానికి మాట్లాడటం మరిచిపోతున్నాను.

లెక్క సంగతి చెప్తాను. పంతులమ్మ మొదలెట్టిందని నవ్వుకో.

అందరూ ఒంటరివాళ్ళయితే ఇదసలు లెక్కే కాదు. ప్రతి మనిషీ తనకిష్టమైన ఆసుపత్రి తలుపు తడతాడు. ఆసుపత్రి తన వరసలో పైనున్నవాళ్ళని అట్టేపెట్టుకుని తక్కినవాళ్ళని పొమ్మంటుంది. వాళ్ళు తర్వాతి తలుపు తడతారు. ఎన్ని వేలమందైనా సరే, అంతా సర్దుకుంటుంది. "నా వెనకున్నవాడికి నేనడిగిన చోటిచ్చారు" అని ఎవరూ కోర్టుకెక్కలేరు. నేను కళ్ళజోడు తుడుచుకునేలోగా కంప్యూటరు ఆ పని ముగించేస్తుంది.

జంటలొచ్చాయంటే మాత్రం కొంప మునిగినట్టే. పెద్దాసుపత్రిలో ఒక ఖాళీ, పక్కనే చిన్నాసుపత్రిలో ఒక ఖాళీ ఉన్నాయనుకో. ఒక భార్యాభర్తలొచ్చి ఆమె పెద్దదాంట్లో, అతను చిన్నదాంట్లో చేరారు. ఇంకో ఒంటరి మనిషి వచ్చి, చిన్నాసుపత్రి వరసలో ఆ భర్తకంటే తనే పైన ఉన్నానని అతన్ని లేపేశాడు. భర్త పోతే భార్య ఉంటుందా? ఆమె కూడా మూట సర్దుకుంది. పెద్దది ఖాళీ అయింది. ఒంటరివాడికి అసలు కావలసింది అదే కాబట్టి అక్కడికి దూకాడు. చిన్నది ఖాళీ అయింది. ఇంకేం, జంట మళ్ళీ వచ్చింది! పెద్దాసుపత్రి వరసలో భార్య పైన ఉంది కాబట్టి ఈసారి ఆ ఒంటరివాణ్ణి లేపేసింది. మళ్ళీ మొదటికి. ముగ్గురు మనుషులూ రెండు కుర్చీలకే ఈ గతి పడితే, నా ముందు వందల జంటలున్నాయి.

నిన్న డైరెక్టరుగారు పిలిచారు. "అందర్నీ సర్దే దారి ఉందా, లేదా? అది చెప్పండి చాలు."

"అదే చెప్పలేనండీ."

"కంప్యూటరు పాతదైపోయిందా? కొత్తది కొనిపిస్తాను."

"ఎంత కొత్తదైనా ఇంతేనండీ."

"అయితే తెలిసినవాళ్ళనెవరినైనా పిలిపిద్దాం."

"ప్రపంచంలో ఎవరికీ తెలీదండీ."

ఆయన "ఎవరికీ తెలీదని మీకెలా తెలుసు?" అన్నారు. ఆ ప్రశ్న బాగానే ఉంది.

నిజంగా ఎవరికీ తెలీదురా. ఎవరైనా ఒక అమరిక తెచ్చి నా చేతిలో పెడితే, అది సరైనదో కాదో ఇట్టే చూసి చెప్పేస్తాను. కానీ అలాంటిదాన్ని వెతికి పట్టడం ఉందే, దానికి త్వరగా అయ్యే పద్ధతి ఎవరూ కనిపెట్టలేదు. అలాంటి పద్ధతి లేనే లేదని కూడా ఎవరూ రుజువు చెయ్యలేదు. సరిచూడటం కంటే వెతకడం స్వతహాగానే కష్టమా, లేక మన బుర్రలే చాలడం లేదా? యాభై ఏళ్ళుగా హేమాహేమీలు ఇక్కడే ఆగిపోయారు. పైగా ఇది ఒంటరి ప్రశ్న కాదు. పరీక్షల టైంటేబులు, లారీల దారులు, పెట్టెలు సర్దడం లాంటివి వేలున్నాయి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఒక్కదానికి త్వరగా తేలే దారి దొరికితే అన్నింటికీ దొరికినట్టే. చదువుకునే రోజుల్లో రెండేళ్ళు నేనూ దీని వెంట పడ్డాను. ప్రశ్న చెక్కుచెదరలేదు, నా జుట్టే తెల్లబడింది.

ఆశ పెట్టుకో, కానీ కొంచెమే పెట్టుకో.

అక్క

*

రక్తపరీక్షల గది,
ఏప్రిల్ మొదటి వారం

పంతులమ్మకి,

నీ పెద్దాసుపత్రి, చిన్నాసుపత్రి కథ మా డాక్టరుగారికి చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, "ఇందులో ఆ ఒంటరివాడు నేనేనయ్యా" అన్నాడు. ఆయనకింకా పెళ్ళి కాలేదులే.

నువ్వు కొంచెమే ఆశ పెట్టుకోమన్నావు. నాకు ఏదైనా కొంచెంగా చేతనవుతుందా? ఇల్లు ఖాళీ చేస్తానని అప్పుడే ఇంటాయనకి చెప్పేశాను. మంచం మా కాంపౌండరుకిస్తానని మాటిచ్చాను. కుక్కరు కూడా అడిగాడు కానీ, అది మాకు కావాలని అన్నాను. "మాకు" అంటే భలే ఉందక్కా.

ఒక్కటే బాగాలేదు. నీ మరదలు ఫోన్‌లో ముభావంగా ఉంటోంది. "ఎక్కడ పడినా ఇద్దరం ఒకచోటే, ఇంకేం కావాలి?" అంటే "చూద్దాం" అంటుంది. అలసటేనేమో. వాళ్ళ వార్డులో ఒక నర్సు మానేసిందట. నీకేమైనా చెప్పిందా? నీతో అయితే అన్నీ చెప్పుకుంటుంది.

లెక్క ఎంతవరకొచ్చింది?

పిచ్చుక

*

కంప్యూటరు గది,
మే

తమ్ముడికి,

ఆలస్యంగా రాస్తున్నాను. పని ఎక్కువగా ఉంది.

లెక్క విషయానికొస్తే, చాలామంది సర్దుకున్నారు. కొన్ని జంటలు మాత్రం ఒకదానికొకటి చిక్కుపడి ముడిలా ఉండిపోయాయి. మీ జంట అందులోనే ఉంది. ఒకళ్ళని కదిపితే ఇంకొకళ్ళు కదులుతారు. అన్ని రకాలుగా పేర్చి చూద్దామంటే, ఆ రకాలన్నీ పూర్తయ్యేసరికి నువ్వూ నేనూ ఉండం, మన తర్వాతి తరాలూ ఉండవు. అందుకని కంప్యూటరు కొంత ఊహించి, కొంత వెతికి, తప్పని తేలితే వెనక్కొచ్చి ఇంకో దారి పడుతుంది. అది అదృష్టాన్ని బట్టి ఉంటుంది. దారి దొరకనంత మాత్రాన దారి లేదని కాదు. దారి ఉందని కూడా కాదు. ఈ రెండింటి మధ్య ఎంతకాలం నిలబడాలో చెప్పే శాస్త్రం ఇంకా పుట్టలేదు. ఇలాంటి ప్రశ్నల్లో తొందరపడి ఏదీ అనకూడదు.

మీ ఆవిడ బాగానే ఉండి ఉంటుంది. నువ్వే ఒకసారి వెళ్ళి కూర్చుని మాట్లాడి రా. ఫోన్‌లో కాదు.

మంచం ఎవరికీ ఇవ్వకు.

అక్క

*

రక్తపరీక్షల గది,
జూన్

అక్కగారికి,

మీరు చెప్పినట్టే వెళ్ళాను. కూర్చుని మాట్లాడాను. ఆసుపత్రి క్యాంటీనులో టీ తాగుతూ ఆవిడ నాతో చెప్పింది, మార్చిలోనే మీ ఆఫీసుకొచ్చిందనీ, మా ఇద్దర్నీ విడదీసి లెక్కెయ్యమని మిమ్మల్ని అడిగిందనీ.

"అక్కకి తెలుసా?" అన్నాను. "మార్చి నుంచీ తెలుసు" అంది.

మార్చి నుంచీ! ఏప్రిల్లో నేను కుక్కరు గురించి రాశాను. మీరు మే నెలలో శాస్త్రం గురించి రాశారు. మీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఎంత చక్కగా రాశారు! ప్రపంచంలో ఎవరికీ తెలియని సంగతి అంత వివరంగా రాసినవారు, మీకు తెలిసిన ఒక్క సంగతి ఒక్క వాక్యంలో రాయలేకపోయారు.

నాకింకేమీ తెలుసుకోవాలని లేదు. మీ పని మీరు చేసుకోండి.

ఇట్లు,
ల్యాబు టెక్నీషియను

*

ఇంటి నుంచి,
జూన్ చివర

పిచ్చుకా,

ఆఫీసులో కూర్చుని రాయలేక ఇంటికొచ్చి రాస్తున్నాను. నన్ను "మీరు" అన్నావు. మన నాన్న పోయిన రోజున కూడా నాకింత కష్టం అనిపించలేదంటే నమ్ము, నమ్మకపో.

జరిగింది చెప్తాను. మార్చిలో ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చింది. డ్యూటీ దిగి, బట్టలైనా మార్చుకోకుండా బస్సెక్కినట్టుంది, చెప్పులకి ఇంకా ఆసుపత్రి బ్లీచింగు వాసన. కింద టీకొట్టుకి తీసుకెళ్ళాను. కూర్చోగానే, "వదినా, మమ్మల్ని విడదీసి లెక్కెయ్యి" అంది.

ఖంగుతిన్నాను. "మావాడేమైనా అన్నాడా?"

"ఆయనేమంటారు పాపం. పోట్లాడుకోవడానికైనా ఒకచోట ఉండాలి కదా."

"మరి?"

"ఎనిమిదేళ్ళుగా 'వచ్చే ఏడు, వచ్చే ఏడు' అంటూ బతికాను వదినా. పోయేదాన్నే కదా అని కుండీలో మొక్క కూడా పెట్టుకోలేదు, పక్కింటివాళ్ళతో స్నేహం కూడా చెయ్యలేదు. ఈమధ్యే మా వార్డులో నేను చెప్తే డాక్టర్లు వింటున్నారు. అరచేతిలో పట్టే పిల్లలు బతికి బయటపడుతున్నారు. ఇప్పుడిదంతా వదిలేసి ఆయన రాసిన ఊళ్ళలో ఏదో ఒకదానికి పోతే, అక్కడ నేను మళ్ళీ కొత్తదాన్ని. ఆయనంటే ఇష్టం లేక కాదు. ఇలా ఎదురుచూడటం నావల్ల కాదు."

"ఈ మాట వాడితో అన్నావా?"

"నోరు రావడం లేదు. నేనే చెప్తాను. నువ్వు మాత్రం చెప్పొద్దు, ఒట్టు."

కక్కలేక మింగలేక అయింది నా పని. ఇద్దరూ కలిసి అడిగితే తప్ప జంటని విడదియ్యకూడదన్నది రూలు. అదే చెప్పి పంపేశాను. అయినా బుద్ధి ఊరుకోలేదు. ఒకరోజు మీ ఇద్దర్నీ విడివిడిగా వేసి చూశాను. ఆ పాడు ముడి సగానికి సగం ఊడిపోయింది! డైరెక్టరుగారు పక్కనుంటే అక్కడికక్కడే ఖాయం చేసేవారు. మళ్ళీ మీ పేర్లు కలిపి, ముడి మళ్ళీ బిగించి, ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పడుకున్నాను.

నేను నీకు రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ నువ్వన్నది నిజం. తెలియని ప్రశ్న గురించి అంత రాసింది, తెలిసిన జవాబు రాయకుండా ఉండటానికే. నా బతుకంతా ఇలాగే గడిచిందేమో అనిపిస్తోంది.

ఇంకొక్క మాట, దీనికి కంప్యూటరు కూడా అక్కర్లేదు. నువ్వు రాసిన ఆరు జతలూ మళ్ళీ చదువుకో. వాటిలో ఆమె ఇప్పుడున్న ఊరు ఒక్కసారి కూడా లేదు.

అక్క

*

రక్తపరీక్షల గది,
జూలై

అక్కా,

చదువుకున్నాను. లేదు.

ఎందుకు రాయలేదా అని ఆలోచిస్తే, రాయాలన్న ఊహే నాకు రాలేదని తేలింది. అక్కడున్న ఖాళీ చిన్నది. మంచాల దగ్గరికెళ్ళి సూదులు గుచ్చి రక్తం తెచ్చే పని, నేను ఉద్యోగంలో చేరినప్పుడు చేసింది. ఇక్కడ నా కింద నలుగురున్నారు. ఎనిమిదేళ్ళూ "మనం కలవాలి, మనం కలవాలి" అని పాట పాడాను కానీ, నా లెక్కలో కదలాల్సింది ఎప్పుడూ తనే.

మళ్ళీ వెళ్ళాను. తను వార్డు బయట చేతులు కడుక్కుంటోంది.

"నేనొక్కణ్ణే ఇక్కడికొస్తే?" అన్నాను.

కుళాయి కట్టకుండానే, "ఆ సూదుల పనికా?" అంది.

"ఆఁ."

"ఏడాది తిరిగేసరికి నీవల్లే ఇలా అయ్యానని నన్ను దెప్పుతావు."

"దెప్పుతానేమో. దెప్పినప్పుడు నాలుగు తిట్టు."

చాలాసేపు చేతులు తుడుచుకుంది. "వస్తే రా. నన్ను మాత్రం కదలమనకు" అంది. రమ్మన్నట్టూ లేదు, వద్దన్నట్టూ లేదు. అలసిపోయిన మనిషి ఎలా అంటుందో అలా అంది. నేనూ అలాగే విన్నాను.

మమ్మల్ని విడదియ్యమని ఇద్దరం సంతకాలు పెట్టి పంపాం. నేను ఒంటరివాడిగా ఒకే ఊరు రాశాను.

"మీరు" అన్నందుకు కోపం తగ్గిందా?

పిచ్చుక

*

కంప్యూటరు గది,
ఆగస్టు

పిచ్చుకా,

నీకు ఆ చోటే వచ్చింది. నీ గొప్పేమీ లేదు, ఆ సూదుల ఉద్యోగం ఇంకెవరూ అడగలేదు. నీ విషయంలో కంప్యూటరుకి పని కూడా పడలేదు.

మిగతా ముడి చాలావరకు వీడింది. చివరికి కొద్ది జంటలే మిగిలిపోయాయి. ఎంత వెతికినా దొరకలేదు, ఇంతలో గడువు అయిపోయింది. "వీరికి తగిన అమరిక దొరకలేదు" అని రాసి ఫైలు పంపాను. డైరెక్టరుగారు పిలిచారు.

"దొరకలేదు కాదమ్మా, లేదు అని రాయండి. దొరకలేదంటే రేపొచ్చి ఇంకా వెతకమని పీకమీద కూర్చుంటారు."

"లేదని నాకు తెలీదండీ."

"ఎవరికీ తెలీదని మీరే కదా అన్నారు!"

"అందుకేనండీ రాయలేనిది."

ఆయన పెన్ను మూసి, తెరిచి, మళ్ళీ మూశారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఈ బదిలీలతో ఆయనకీ నిద్ర లేదని అప్పుడే గమనించాను. "మీతో వాదించే ఓపిక నాకు లేదు" అని అలాగే సంతకం పెట్టేశారు.

జాబితా అంటించిన రోజు ఒక అంబులెన్సు డ్రైవరు మెట్లెక్కి వచ్చాడు. అతని భార్య ఎక్కడో ఆయా. తలుపు దగ్గరే నిలబడి, "అమ్మా, మాకు లేదన్నారా, దొరకలేదన్నారా? అక్కడ జనంలో సరిగ్గా చదవలేకపోయాను" అన్నాడు.

"దొరకలేదన్నాం."

"అయితే ఇంకా వెతుకుతారా?"

ఒంట్లో సత్తువ లేదురా. మోకాళ్ళు పట్టేశాయి, కళ్ళు మసకలు. అయినా "వెతుకుతాను" అన్నాను. అతను దణ్ణం కూడా పెట్టలేదు. తల ఊపి, గబగబా దిగి వెళ్ళిపోయాడు, కింద బండి ఇంజను ఆపకుండా వచ్చాడట. ఈ ఉద్యోగంలో అతనంతగా నన్నెవరూ నమ్మలేదు.

అప్పటినుంచీ రోజూ కాసేపు ఆ మిగిలిన జంటలతోనే కూర్చుంటున్నాను.

కోపం లేదు. కుక్కరు తీసుకెళ్ళు.

అక్క

*

మా గది,
అక్టోబరు

అక్కా,

పైన "మా గది" అని రాశాను, చూశావా? ఒకటే గది, ఒకటే కిటికీ, తాళంచెవీ ఒకటే. తనకి పగటి డ్యూటీ, నాకు సాయంత్రం నుంచి. తను దిగే వేళకి నేను ఎక్కుతాను. ఆసుపత్రి గేటు దగ్గర తాళంచెవి చేతులు మారుతుంది. వారం రోజులు చూసి వాచ్‌మన్ నన్ను పక్కకి పిలిచి, "ఆ నర్సమ్మగారికి మీరు గది అద్దెకిచ్చారా సార్?" అని అడిగాడు. మొగుణ్ణని చెప్తే నమ్మలేదు.

పని బాగాలేదు, అబద్ధమెందుకు. నాకంటే చిన్నవాడు నన్ను "త్వరగా తెండి" అంటాడు. ముసలాళ్ళకి నరం దొరకదు, తిడతారు. మొన్నొక రోజు తనని దెప్పేశాను కూడా. చెప్పినట్టే నాలుగు తిట్టింది. ఎనిమిదేళ్ళలో మేం ఎదురెదురుగా నిలబడి పోట్లాడుకోవడం అదే మొదటిసారి. తర్వాత ఇద్దరికీ నవ్వొచ్చింది.

డ్యూటీలు కలపమని మేట్రనుని అడిగాం. "ఒకళ్ళకి కలిపితే పదిమందికి చెడుతుంది, మీ ఇద్దరి కోసం ఆ లెక్క ఎవరు చేస్తారు?" అంది. నీ పేరు నోటిదాకా వచ్చి మింగేశాను. నీకున్నవి చాలు. ఆ డ్రైవరుగారి సంగతి చూడు ముందు.

నిన్న తను కొంచెం ముందుగా దిగింది, నేను కొంచెం ముందుగా వచ్చాను. గేటు పక్కన సిమెంటు బెంచీ ఉంది. కూర్చున్నాం. ఒక పిల్ల ఇవాళ మొదటిసారి తనంతట తను పాలు తాగిందని చెప్తూ చెప్తూ, మాట మధ్యలోనే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. లోపల నా డ్యూటీ గంట కొట్టారు. వాచ్‌మన్ నావైపు చూసి, వేలితో గడియారం చూపించాడు.

నేను కదల్లేదు.

పిచ్చుక